తువ్వాల కొన్న సీరియల్ కొడుకు

మేము తువ్వాళ్లు, లుంగీలు అమ్ముతాం. బీదర్‌లో నరసింహస్వామి గుహకు వెళ్లే దారిలో మా దుకాణం. అక్కడ దేవుణ్ణి చూడాలంటే ఛాతీ లోతు నీళ్లలో నడవాలి గనుక, తువ్వాల మరిచి వచ్చినవాళ్లంతా మా గిరాకీలే. తెలంగాణ నుంచి వచ్చేవాళ్లు ఎక్కువ. వాళ్లతో బేరమాడటం అమ్మ పని. అమ్మ పుట్టింది తెలంగాణ సరిహద్దు దగ్గరి మన్నళ్ళిలో, ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఏ ఊరని అడిగి చుట్టరికం కలపనిదే తువ్వాల చేతికిచ్చేది కాదు.

మూడేళ్ల కిందట ఆయన వచ్చాడు. పెద్ద హీరో ఏమీ కాదు. రోజూ సాయంత్రం వచ్చే ఒక తెలుగు సీరియల్లో, పెళ్లాం మాట విని తల్లిని ఇంట్లోంచి గెంటేసిన కొడుకు. మా బజారులో కన్నడ సీరియళ్లు చూసేవాళ్లు కొందరు, హిందీవి చూసేవాళ్లు కొందరు. ఆయన్ని గుర్తుపట్టింది అమ్మ ఒక్కతే. గుర్తుపట్టి సంబరపడింది, వెంటనే కోపం తెచ్చుకుంది.

"కన్నతల్లిని బయటికి నూకినవ్ గదరా! నీకు బువ్వ ఎట్ల మింగవడుతాంది? పో, పొయ్యి తోల్కరా ఆమెను!"

ఆయన పగలబడి నవ్వాడు. అమ్మ కాళ్లకు దండం పెట్టాడు. అమ్మ ఆ ముచ్చట వారం రోజులు వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పుకుంది.

తర్వాత ఏదో పండుగకు టీవీలో ఒక కార్యక్రమం వచ్చింది. అందులో ఆయన ఉన్నాడని అమ్మ వాడకట్టు ఆడవాళ్లందరినీ పిలిచి చాయ్ పోసింది. ఆయన వేదిక మీదికి వచ్చి, తల మీద తువ్వాల కొంగులా కప్పుకుని, నడుము వంచి, "బీదర్‌లో ఒక ముసల్ది" అని మొదలుపెట్టాడు. అన్నీ అమ్మ మాటలే, అక్షరం పొల్లుపోకుండా, ముక్కుతో సాగదీసి. యాంకరమ్మ నవ్వు ఆపుకోలేక కుర్చీ పట్టుకుంది. మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు. పక్కింటి అత్త లేచి టీవీ కట్టేసింది. అమ్మ చాయ్ గ్లాసులు ఏరుకుని లోపలికి వెళ్లింది.

ఆ తర్వాత తెలంగాణ గిరాకీ వస్తే అమ్మ కన్నడలో మాట్లాడటం మొదలుపెట్టింది. వాళ్లకు అర్థం కాకపోతే వేళ్లు చూపించేది. ఎందుకే అమ్మా అంటే, "మన తెలుగు, మంది నవ్వుకోనీకె పనికొస్తది బిడ్డా" అంది. ఆ రోజు నుంచి నాకు ఆయన ఆయన కాదు, వాడు.

మొన్న ఎండాకాలం వాడు మళ్లీ వచ్చాడు. సీరియల్ అయిపోయి చాలా రోజులైంది. తెల్ల లాల్చీ నిలువునా తడిసి ఒంటికి అంటుకుంది, పొట్ట దాగడం లేదు. దుకాణంలో నేనున్నాను. చూడగానే గుర్తుపట్టాను. కలలో కూడా తిట్టుకున్న మొహాన్ని ఎట్లా మరిచిపోతాను?

"టవల్ ఇవ్వండమ్మా" అన్నాడు.

"తెలుగు బరల్లా" అన్నాను, నాకు తెలుగు రాదని కన్నడలో.

వాడు నల్ల కళ్లద్దాలు తీశాడు. జుట్టు వెనక్కి దువ్వుకున్నాడు. పక్కనున్న గిరాకీల వైపు తిరిగి నవ్వాడు. వాళ్లు కాస్త జరగమన్నారు. చివరికి "నేను, సీరియల్, టీవీ" అంటూ గాలిలో వేలితో డబ్బా గీసి చూపించాడు. నేను ఎదురుగా ఉన్న టీవీ రిపేరు దుకాణం వైపు చెయ్యి చూపించాను.

అప్పుడు అడుగునుంచి ఒక ఎర్ర తువ్వాల తీసిచ్చాను. రంగు కారుతుందని అమ్మకుండా పక్కన పెట్టినది. తడి లాల్చీ మీద కప్పుకున్నాడు. తెల్లటి భుజాలు ఎర్రబడుతుంటే నా కడుపు చల్లబడింది.

అంతలో అమ్మ లోపలినుంచి వచ్చింది. వాడి మొహం వెలిగిపోయింది. "అమ్మా! నేను! తల్లిని గెంటేసిన కొడుకుని!" అని చేతులు జోడించాడు. అమ్మ ఎక్కడ కరిగిపోతుందోనని భయపడ్డాను. అమ్మ వాణ్ణి తల నుంచి పాదాల దాకా చూసింది.

"యారప్పా నీను?" అంది నెమ్మదిగా. ఎవరయ్యా నువ్వు అని.

వాడు జోడించిన చేతులు దించాడు. ఎర్ర మరకలతో కారు దాకా నడిచి వెళ్లిపోయాడు. నాకు నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లొచ్చాయి.

"మస్తు నటించినవే అమ్మా! వానికంటె నువ్వే నయం!"

అమ్మ నవ్వలేదు. చెదిరిన తువ్వాళ్లు మడత పెడుతూ అంది: "నటించుడు గాదు బిడ్డా. బాగ తిడుదామని నోరు తెరిచిన. నా మాట మళ్ల వాని నోట్ల పడ్తదని భయమైంది."