ఈ ముఖం ఇప్పటికే నమోదై ఉంది

కొవ్వూరు దగ్గర ఒక ప్రభుత్వాసుపత్రిలో ఉద్యోగుల వివరాలు చూసే గుమాస్తాగా ఉన్నప్పటి మాట. సంతకాల రిజిస్టరు పోయి, ఫోన్‌కి ముఖం చూపిస్తే హాజరు పడే యాప్ వచ్చింది. మా హెడ్ నర్సు గారికి అది నచ్చేది కాదు. కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకుని, తనని గుర్తుపట్టడానికి దీనికింత ఆలోచన దేనికని విసుక్కునేవారు. ఆ వానాకాలంలోనే ఆవిడ గుండెపోటుతో పోయారు.

కొన్ని నెలలకి, కారుణ్య నియామకం కింద ఆవిడ కూతురు మా ఓపీ కౌంటర్‌లో చేరింది. ఆ అమ్మాయి ముఖం యాప్‌లోకి ఎక్కించబోతే, ఈ ముఖం ఇప్పటికే నమోదై ఉందని వచ్చింది. హాజరు వేసి చూడమని ఫోన్ తనకే ఇచ్చాను. వెంటనే పచ్చ టిక్కు పడింది. పక్కన వాళ్లమ్మ ఫొటో, వాళ్లమ్మ పేరు, కింద శుభోదయం.

ఫోన్ తిరిగివ్వడానికి ఆ అమ్మాయికి కాసేపు పట్టింది.

రాజమండ్రి జిల్లా ఆఫీసుకి ఫోన్ చేశాను. చనిపోయినావిడ రికార్డు ఇంకా మూసెయ్యలేదు, అందాకా అలాగే కానివ్వండి అన్నారు. హాజరు పడితేగాని కౌంటర్‌లో కంప్యూటర్ తెరుచుకోదు. అది తల్లి పేరు మీదే తెరుచుకుంది. రోగులకిచ్చే చీటీల అడుగున కూడా ఆ పేరే పడుతూ వచ్చింది.

ఒకరోజు రిటైరైన మాస్టారొకాయన చీటీ పట్టుకుని నా గదికొచ్చారు. చాలా నెమ్మదిగా అడిగారు.

"ఈవిణ్ణి సమాధి చేసినప్పుడు నేనక్కడే ఉన్నానండి. ఇవాళ నాకు చీటీ ఎలా ఇచ్చారు?"

సంగతంతా చెప్పాను. తలూపారు గాని, ఆ చీటీ నా బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయారు. తర్వాత ఆ కౌంటర్ దగ్గర లైను పల్చబడింది. కొందరు ఆడవాళ్లు మాత్రం పనిగట్టుకుని అక్కడికే వచ్చి, చీటీ కళ్లకద్దుకుని వెళ్లేవారు.

తల్లి పోయిన ఏడాదికి ఇంట్లో జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టుకుని, ఆ అమ్మాయి సెలవు తీసుకుంది. ఆ పొద్దున నా గదిలో కంప్యూటర్ తెరిస్తే తల్లి హాజరు పడి ఉంది. హాజరుతో పాటు ఫొటో కూడా దాస్తుంది యాప్. తెరిచి చూశాను. మా ఆసుపత్రి వరండా గోడ, కిటికీ కింద బెంచీ. మనిషి లేదు.

నెట్‌వర్క్ లేనప్పుడు వేసిన పాత హాజరు ఆలస్యంగా ఎక్కి ఉంటుందని, ఫొటో ఎవరి చెయ్యో తగిలి పడి ఉంటుందని యాప్ చూసే ఆయన అన్నాడు. అయ్యుండొచ్చు.

మర్నాడు ఆ అమ్మాయికి ఫొటో చూపించాను.

"డ్యూటీకి ముందు అమ్మ ఆ బెంచీ మీదే కూర్చుని చెప్పులు మార్చుకునేదండి," అంది, మామూలు గొంతుతోనే.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కి వంతెన దాటి జిల్లా ఆఫీసుకి వెళ్లాను. ఇన్నాళ్లూ లేని తొందర ఇప్పుడేంటని అడిగారు. రికార్డు మూసేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు.

మర్నాడు యాప్ ఆ అమ్మాయి ముఖాన్ని కొత్తగా తీసుకుంది. తెర మీద తన పేరే వచ్చింది.

"అమ్మ ఫొటో ఇంకెప్పుడూ రాదా అండీ?"

రాదమ్మా, అన్నాను. సరేనని తలూపి, వెళ్లి కౌంటర్ కిటికీ తెరిచి, లైనులో ముందున్న మనిషిని పేరేంటని అడిగింది.