గాలిమోటారు మొక్కు

ములకలపల్లి దాటి అడవి అంచున ఉన్న ఆ ఊళ్ళో చిన్నక్క కోపం ఎరగనివాళ్ళు లేరు. బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది ఆమే. ఒకసారి బియ్యంలో పురుగులు కనబడితే, ఆ బస్తాను డీలరు వాకిట్లో గుమ్మరించి, అతని చేత గింజ గింజా ఏరించిగాని లేవలేదు. అదే మనిషి, తల్లిలేని పిల్ల కంచంలో అడుగున గుడ్డు దాచి పైన అన్నం కప్పి పెట్టేది, పక్కపిల్లలు చూడకుండా. "దాని నోరు మిరపకాయ, చెయ్యి బెల్లంముక్క" అనేవారు ఊళ్ళో.

ఆ నోరు ఒక్కసారి మాత్రం జారకూడని చోట జారింది. ఆ సంగతి చిన్నక్కకూ, ఆమె పెనిమిటి పగిడయ్యకూ, పైనున్న దేవుడికీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఎనభై ఆరులో గోదావరి పొంగినప్పుడు వాళ్ళు పర్ణశాలకు దిగువన, ఏటి ఒడ్డునే ఉండేవారు. బిడ్డ శారద అప్పటికి నెల పసిగుడ్డు. ఊరంతా మునిగితే మిగిలింది బడి మిద్దె ఒక్కటే. దాని మీద రెండు పగళ్ళు, రెండు రాత్రులు. తిండి లేక చిన్నక్కకు పాలు ఎండిపోయాయి. మూడోనాడు పొద్దున ఆకాశంలో గాలిమోటారు వచ్చింది. ఆ పల్లెల్లో రెక్కలున్నదాన్నయినా, నెత్తిన పంకా తిరిగేదాన్నయినా గాలిమోటారనే అంటారు. అందరూ తువాళ్ళు ఊపారు. అది ఆగలేదు. రెండోసారీ నెత్తి మీదుగా భద్రాచలం వైపు వెళ్ళిపోయింది. చిన్నక్క బిడ్డను రెండు చేతులా పైకెత్తి చూపిస్తూ అరిచిన మాట, ఆ హోరులో పక్కనున్న పగిడయ్యకే వినబడింది.

"నీ రెక్కలిరిగిపోను! పసిదాని ఏడుపు ఇనబడ్తలేదా నీకు? నువ్ గూడ నీళ్ళల్ల గూల!"

ఆ మాట నోట్లోంచి వచ్చిన గడియసేపటికే గాలిమోటారు తిరిగొచ్చింది. మిద్దెకు తాటిచెట్టంత ఎత్తున నిలబడి పొట్లాలు జారవిడిచింది. పులిహోర, రొట్టెలు, పాలపొడి. చిన్నక్క తిట్టిన నోటితోనే మొక్కింది. "తప్పయింది తండ్రీ. నా బిడ్డ బతికితే నీ కాళ్ళకాడ కొబ్బరికాయ కొడత. నా మాట నాకే తిప్పియ్యి, దానికి తగలనియ్యకు."

తర్వాత పగిడయ్య అడిగాడు. "మనోళ్ళు కోడిని గదనే ఇచ్చేది, కొబ్బరికాయేంది?"

"మీద తిరిగేది, కోడినేడ తింటది?"

"అవ్, నేల మీద కాళ్ళు పెట్టనిదానికి కాళ్ళకాడ కొడతనని మొక్కినవ్. ఇగ జూడు ఎప్పుడు తీరతదో" అని నవ్వాడు.

నవ్వినంత తేలిక కాలేదు. ఇరవై ఏళ్ళు గడిచాయి. శారద పెరిగింది, పెళ్ళయింది. రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి ఆరో నెలలో పోయింది. దవాఖానాలో రక్తం తక్కువన్నారు. ఊళ్ళో ఎవరూ చిన్నక్కను ఒక్కమాట అనలేదు. ఆమె మాత్రం తన నోటినే అనుకుంది. ఇప్పుడు మూడో కాన్పుకు శారదకు ఏడో నెల.

అట్లాంటి ఎండాకాలం, ఒంటిపూట బడుల రోజుల్లో, బలరాం సారు పేపరు పట్టుకుని వంటపాకలోకి వచ్చాడు. పట్నంలో విమానాల పండుగట. యుద్ధవిమానాలు ఆకాశంలో విన్యాసాలు చేస్తాయి, పాతకాలంవి నేల మీద చూపుకు పెడతారు. బడిపిల్లలకు బస్సు ఇస్తున్నారు. పులిహోర వండి తేవడానికి చిన్నక్క కూడా రావాలి. ఆ పేపరు మూలన ఒక బొమ్మ ఉంది. బొర్రముక్కు, గాజుకళ్ళు, నెత్తిన పంకా. చిన్నక్క గరిటె కింద పెట్టేసింది.

"సారూ, ఇది నేల మీదనే ఉంటదా?"

"అవ్, చిన్నక్కా. పాతది గదా, నిలబెట్టి చూపిస్తరు."

పులిహోర గంపలో, పిల్లల విస్తరాకుల కింద, పసుపు పూసిన కొబ్బరికాయ కూడా పట్నం బస్సెక్కింది.

మైదానం గేటు దగ్గర సంచులు విప్పి చూస్తున్నారు. నీలిచొక్కా వేసుకున్న సెక్యూరిటీ పిల్లవాడు గంపలో చెయ్యి పెట్టి కాయ బయటికి తీశాడు.

"ఇది లోపలికి పోదమ్మా."

"ఎందుకు పోదు? బాంబా అది?"

"గట్టిగుండేవి, విసిరితే పగిలేవి లోపలికి వద్దని రూల్."

"పగలగొట్టనీకే తెచ్చిన!"

వెనక వరుస గొల్లున నవ్వింది. వాడు కాయను కుర్చీ కింద పెట్టాడు. "పోయేటప్పుడు తీస్కో, యాడికి పోదు." వెనక నలభైమంది పిల్లలు ఎండలో నిలబడ్డారు. బస్సు తిరిగి నాలుగింటికే. చిన్నక్క పళ్ళు నూరుకుంటూ లోపలికి నడిచింది. ముందు గాలిమోటారు ఎక్కడుందో చూసుకుంటే, తర్వాత సారును తెచ్చి కాయ విడిపించుకోవచ్చనుకుంది.

లోపల ఆకాశం చీలిపోతున్నట్టు చప్పుడు. మూడు విమానాలు రంగుల పొగ వదులుతూ తలకిందులై తిరిగాయి. పిల్లలు ఎగిరి గంతులేశారు. చిన్నక్క తలెత్తలేదు. మెడలో బిళ్ళ వేసుకున్న కుర్రవాడిని పట్టుకుని అడిగింది.

"అయ్యా, గాలిమోటారు యాడున్నది?"

వాడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విని, "గాలి మోటారా? రెండో గేటు బయట, బండ్లు పెట్టేచోట చివర్లో" అని చేయి చూపించాడు.

నిప్పులు చెరిగే ఎండ. తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. అర కోసు నడిచి వెళ్ళేసరికి అక్కడున్నది రేకుల పాక, పాత టైర్లు, టైర్లకు గాలికొట్టే మోటారు. అది దడదడలాడుతూ ఆమెను చూసి నవ్వుతున్నట్టే ఉంది. చిన్నక్క కాలితో టైరును ఒక్క తన్ను తన్నింది.

"నీ పంచర్ల మోటారు పాడుగాను! ఇరవయ్యేండ్లకెళ్ళి నేను దీనికి మొక్కుతున్ననా?"

పాకలోంచి ఒకామె వచ్చింది. పేరు సైదమ్మ, పంచర్లు వేసే మనిషి భార్య. టైరును ఎందుకు తన్నావని అడగలేదు. కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచి ఇచ్చింది. చిన్నక్క తాగింది, చెప్పింది. మొదట కోపం, తర్వాత మొక్కు, చివరికి శారద. ఎవరికీ చెప్పని తిట్టు కూడా ఆ చెంబెడు నీళ్ళకు బయటపడింది.

"ఇక్కడి పిల్లలకు ఆ మాట తెలీదక్కా" అంది సైదమ్మ. "హెలికాప్టరు అని అడగాల. మాది మధిర, మా అమ్మ కూడా గాలిమోటారనే అనేది. పద, నేనొస్తా. ముందు నీ కాయ తెచ్చుకుందాం."

గేటు దగ్గరికి వెళ్ళేసరికి కుర్చీ కింద కాయ లేదు. కుర్చీ మీద కాగితం, కాగితం మీద చిప్పలు, పక్కన బెల్లం. అక్కడి సూపర్వైజరు నములుతున్నాడు. నీలిచొక్కా పిల్లవాడి బుగ్గ ఉబ్బి ఉంది.

చిన్నక్క అరిచిన అరుపుకు గేటు దగ్గరి వరుసంతా వెనక్కి తిరిగింది.

"మీ కడుపులు కాల! యాడికి పోదన్నవు గదరా? నీ కడుపులకే పోయిందా? పసుపు పూసిన కాయని కండ్లకు కనబడలేదా?"

"ఏందమ్మా లొల్లి?" సూపర్వైజరు జేబులోంచి పది రూపాయల నోటు తీశాడు. "ఇంకోటి కొనుక్కో, పో."

ఆ నోటు ఆమె చేతిలోంచి ఎగిరి అతని చిప్పలోనే పడింది.

"నీ పది ఎవనిక్కావాల? అది మొక్కుకాయ. దేవునికి చూపకముందు తిన్నోని మీద మొక్కు పడతది. నా బిడ్డ కడుపు మీదున్నదంత ఇగ మీ నెత్తినున్నది. నేను పోత. మీరే తీర్చుకోండ్రి!"

సూపర్వైజరు నవ్వాడు. నీలిచొక్కా పిల్లవాడు నవ్వలేదు. పక్కకు తిరిగి నోట్లోది మొత్తం ఉమ్మేశాడు. మొహం పాలిపోయింది.

"అక్కా, మీదే ఊరు?"

"ములకలపల్లి అవతల. ఎందుకు, ఇంటికొచ్చి గూడ తింటవా?"

"మాది గా పక్క తండనే. జైరాం నా పేరు. మొక్కుకాయ తిన్ననంటే మా అమ్మ ఇంట్లకు రానియ్యదక్కా." వాడి చూపు అటూ ఇటూ పరుగెత్తి, టికెట్ల గది గుమ్మానికి ఎర్రగుడ్డలో వేలాడుతున్న కాయ మీద ఆగింది. "జల్దీ గా కాయ ఇప్పుకొస్త..."

"థూ! వచ్చిపోయేటోళ్ళ దిష్టంత మోసిన కాయ నా బిడ్డకు కొడతవారా?"

సైదమ్మ అప్పటికే పాక వైపు వెళ్ళిపోయింది. చెమటలు కక్కుతూ తిరిగొచ్చి కొంగులోంచి ఒక కాయ తీసింది. శనివారం గదా, సాయంత్రం హనుమంతుడి గుడికని తెచ్చి పెట్టుకున్నదట.

"దేవుని కాయ నాకెట్లిస్తవ్ సైదమ్మా? ఆయన అలగడా?" చిన్నక్క గొంతు మొదటిసారి తగ్గింది.

"ఆయన గాలి కొడుకు, ఇది గాలిమోటారు. ఒక ఇంటోళ్ళే గదక్కా. వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు, నువ్వు పో."

మూడున్నర దాటింది. జైరాం సూపర్వైజరు కేకలు వినిపించుకోకుండా ముందు నడిచాడు. మైదానం చివర తాళ్ళ మధ్య అది నిలబడి ఉంది. బొర్రముక్కు, గాజుకళ్ళు. రంగు వెలిసింది. కింద మూడు చక్రాలు, చక్రాలకు అడ్డంగా కట్టెమొద్దులు. మైకులో ఎవరో చెబుతున్నారు. గోదావరి వరదల్లో ఇట్లాంటివే ప్రాణాలు కాపాడాయట, ప్రజలు వాటిని ఎన్నటికీ మరిచిపోరట.

"మరువలేదు గనుకనే తాడవతల నిలబెట్టిండ్రు" అంది చిన్నక్క.

జైరాం తాడు ఎత్తాడు. నూనెగుడ్డ పట్టుకున్న నెరసినజుట్టు మెకానిక్కు అడ్డం వచ్చాడు. జైరాం చెప్పింది విని తల అడ్డంగా ఊపాడు.

"మీ బాధ అర్థమైందమ్మా. కానీ భద్రాచలం వచ్చింది ఇది కాదు. అది వేరే మిషను. ఇది ఆ జాతిదే, అంతే."

"భద్రాచలంల ఇప్పుడు పారే గోదారి, అప్పటి నీళ్ళేనా?" చిన్నక్క కాయ గుండెకు అదుముకుని నిలదీసింది. "అది కాదని మునగకుండ వస్తున్నరా ఎవరన్న?"

మెకానిక్కు వంగి, ఒక కట్టెమొద్దును చక్రం ముందు సరిగ్గా జరిపాడు. "దీని మీద కొట్టండి. ఒక్క ముక్క కూడా కింద పడొద్దు. గాలికి లేస్తే పక్క విమానం ఇంజనులోకి పోతది, నా ఉద్యోగం పోతది." జైరాం తన తువాలు తీసి మొద్దు చుట్టూ పరిచాడు.

చిన్నక్క కొంగుముడి విప్పి చక్రానికి పసుపు రాసింది, కుంకుమ పెట్టింది. దండం పెట్టుకుంటుందనుకున్నారు ఇద్దరూ. ఆమె తిట్లకే దిగింది.

"ఇరవయ్యేండ్లు యాడ తిరిగినవ్? ఆనాడు రెండుసార్లు చూసుకుంట పోయినవ్, పసిదాన్ని ఎత్తి చూపిన గూడ. అందుకే తిట్టిన. తిట్టు నాది, ఆకలి నీకేం తెల్సు? మళ్ళొచ్చినవ్, నా బిడ్డను బతికిచ్చినవ్. నా మాట నేను తీసుకుంటున్న, నా బిడ్డను వదిలెయ్యి. దాని కడుపుల ఉన్నదాన్ని గూడ."

ఒక్క దెబ్బకు కాయ రెండుగా విచ్చింది, తెల్లగా, కుళ్ళు లేకుండా. నీళ్ళు చక్రం మీదుగా జారాయి. జైరాం మోకాళ్ళ మీద కూర్చుని, తువాలులో పడిన పెంకు ముక్కలు ఒక్కొక్కటే ఏరాడు. మెకానిక్కు కూడా వంగి వెతికాడు.

దూరంగా బలరాం సారు బస్సు దగ్గర ఈల వేస్తున్నాడు. చిన్నక్క ఒక చిప్ప సైదమ్మకని కొంగులో కట్టుకుంది. రెండోదాంట్లోంచి ఒక ముక్క విరిచి మెకానిక్కుకు ఇచ్చింది. పెద్దముక్క జైరాం చేతిలో పెట్టింది. వాడు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు, తినాలో వద్దో తెలియక.

"కోపం పోయిందా అక్కా?"

"ఏడ పోయింది? ఇంక నీ సూపర్వైజరున్నడు, ఆ బిళ్ళేసుకున్నోడున్నడు. బస్సు దాటిపోతే నీ సంగతి గూడ చూస్త." అని, రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "చూస్తవేందిరా? ఇగ తిను. ఇప్పుడు తినొచ్చు."