జలాల్ మాస్టర్ చేసిన సముద్రం

హసన్‌పర్తిలో పెళ్ళి వంటలు చేసే జలాల్ మాస్టర్ సముద్రాన్ని ఒక్కసారే చూశాడు. బందరులో ఎవరిదో వలీమా విందుకు బిర్యానీ వండడానికి వెళ్ళి, పని అయ్యాక తీరానికి పోయి, ముందుగా దోసెడు నీళ్ళు తీసి నోట్లో పోసుకున్నాడు. బిర్యానీ ఎసరును చూసేదీ అలాగే మరి. ఆయన చాలన్నాక ఇంకెవరూ ఉప్పు వెయ్యరు.

దీనికి నవ్వనక్కర్లేదు. పూర్వం ఓడలవాళ్ళు సీసపు గుండుకు కొవ్వు రాసి సముద్రం అడుగుకు దించేవారు. అంటుకొచ్చిన మట్టిని వాసన చూసి, కొందరైతే నాలుకకు కూడా తాకించి, ఎక్కడున్నారో చెప్పేవారట. నమ్మదగిన పటాలు ఆ తర్వాతి సంగతి.

మాస్టర్‌కు ఇంట్లో కాస్త సముద్రం ఉండాలని ఆనాడే పుట్టిన కోరిక అరవై దాటాక తీరింది. నిరుడు హన్మకొండలో అద్దాల తొట్టి కొన్నాడు. మద్రాసు నుంచి రైల్లో, థర్మకోల్ పెట్టెలో, రెండు జోకర్ చేపలు దిగాయి. నారింజ ఒళ్ళు, తెల్ల పట్టీలు. ఊళ్ళో అంత చెరువు పెట్టుకొని చేపలను కొనుక్కొచ్చాడని వాడకట్టు నవ్వింది. అవి తినే చేపలు, ఇవి చూసే చేపలు అన్నాడాయన. సముద్రపు చేపల కోసం అమ్మే ఉప్పును నీళ్ళలో కలిపి, నాలుకతో చూసి, బందరు రుచి వచ్చిందని తేల్చాడు. ఉప్పు కొలిచే సాధనం కూడా తీసుకొమ్మన్న దుకాణదారుకు తన నోరు చూపించి వచ్చేశాడట.

చలికాలం బాగానే గడిచింది. ఎండలు ముదిరాక తొట్టిలో నీళ్ళు రోజూ తగ్గసాగాయి. తగ్గినంతా మాస్టర్ ఉప్పు కలిపిన నీళ్ళతోనే నింపేవాడు. సముద్రంలో పోసేవి సముద్రపు నీళ్ళే కావాలి గదా అని ఆయన ఆలోచన. సముద్రానికి నదులు తెచ్చి పోసేవి, వానలు కురిసి పోసేవి ఉప్పు లేని నీళ్ళేనన్నది ఆయనకు తట్టలేదు. రోజూ రుచి చూసేవాడు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏ నాలుకకూ అందదు.

ఒక చేప చచ్చిపోయింది. రెండోది అడుగున ఓ మూల చేరి, మేత ముట్టక, మొప్పలు గబగబా ఆడిస్తోంది. మాస్టర్ దాని ముందు కూర్చుని రోగం ఏమిటో తేల్చుకోలేక వంటకు కూడా వెళ్ళలేదు. భార్య లాల్‌బీది నెక్కొండ. ఆమె వచ్చి పక్కన నిలబడి, ఎప్పటిలాగే కొడుకు పేరుతో పిలిచింది.

"నాసిర్ అబ్బా, ఎసరు ఇగిరితే ఏం పోస్తవు?"

"ఉత్త నీళ్లు పోస్త. ఉప్పు యాడికి పోతది?"

"మరి గీ తొట్లె ఏం పోస్తానవ్?"

ఆయన వేలు ముంచి మళ్ళీ నాలుకకు రాసుకున్నాడు. "మంచిగనే ఉన్నది, లాల్‌బీ."

"నీకు మంచిగనే ఉంటది. రెండు నెలల సంది నువ్వు ఉప్పేసిన కూర గూడ నీ ఒక్కనికే మంచిగున్నది. మేం నీళ్లు కలుపుకొని తింటానం."

ఎందుకు చెప్పలేదని అడిగాడు. మాస్టర్‌కు ఉప్పు చెప్పేదెవరని ఆమె అంది.

శిష్యుడు ఇజాజ్‌ను బండి మీద హన్మకొండకు పంపి ఆ సాధనం తెప్పించాడు. తొట్టి నీళ్ళు పోసి చూస్తే, అందులో ముల్లు సముద్రపు ఉప్పుకు పెట్టిన గీతను బాగా దాటిపోయింది. ఒక్కసారిగా మారిస్తే చేప తట్టుకోదని దుకాణదారు ఫోన్లో చెప్పాడు. అందుకని గిన్నెడు తీయడం, గిన్నెడు మంచినీళ్ళు పోయడం, ఆగడం. మాస్టర్ పూటకోసారి ముల్లు చూసేవాడు. వేలు మాత్రం ముంచలేదు. ముల్లు గీత దగ్గరికి వచ్చాక ఒక పొద్దున చేప పైకి లేచి మేత అందుకుంది.

ఆ వారం మడికొండలో పెళ్ళికి ఎసరు ఇజాజ్ చూశాడు. ఇంట్లో కూరకు ఉప్పు ఇప్పుడు లాల్‌బీయే వేస్తుంది. చప్పగా ఉందంటాడు మాస్టర్. అని, తింటాడు.