మునిగిన ఊళ్లో మా గోడ

మా ఊరు రిజర్వాయర్‌లో మునిగాక అందరం సిద్దిపేట దగ్గరి కొత్త కాలనీకి వచ్చాం. ఏ ఇల్లు ఎక్కడుండేదో మరిచిపోకముందే రాసి పెట్టాలని నేను ఆన్‌లైన్‌లో ఒక మ్యాప్ తయారుచేసి, లింకు ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పద్ధతి సులువు: మీ ఇల్లు గీయండి, కట్టినవారి పేరు రాయండి, ఫొటో ఉంటే జతచేయండి. ఎవరైనా దిద్దవచ్చు. ఇంజనీరింగ్ చదివినవాణ్ని. పదిమంది చూస్తే తప్పులు వాటంతటవే సర్దుకుంటాయని నమ్మాను.

మా గోడ దగ్గర సర్దుకోలేదు.

బాపుకూ, ఆయన అన్న పెద్దబాపుకూ మాటలు ఆగిపోయింది ఆ గోడ మీదే. వాకిలి పంచుకున్నప్పుడు ఇద్దరూ కలిసి కట్టిన గోడే. తర్వాత, అవతలివాడు మూరెడు జాగ తినేశాడని ఎవరికి వారే అనుకున్నారు. ఇప్పుడు పొద్దున పెద్దబాపు మనవరాలి ఫోన్ నుంచి మ్యాప్‌లో ఆ గోడ గీత మా వైపు జరిగేది. సాయంత్రం బాపు నా పక్కన కూర్చుని వెనక్కి జరిపించేవాడు. "పడవేసుకొని పోయి కొలుచుకోన్రి" అని గ్రూపులో ఎవరో రాశారు. ఆ పూట బాపు అన్నం ముట్టలేదు.

ఆదివారం దిద్దుబాట్లు ఆపి, మ్యాప్‌ను అచ్చు వేయించి కాలనీ ఫంక్షన్ హాల్లో పెట్టాలనుకున్నాం.

"గీత ఆయన చెప్పినకాడ ఉంటే నేను ఆ హాల్ గడప తొక్క" అన్నాడు బాపు.

చెల్లి పెళ్లి ఆ హాల్లోనే. పెద్దబాపు వస్తాడా రాడా అని అడగడానికే ఇంట్లో అందరికీ భయం. ఇక బాపే రానంటున్నాడు.

ఆదివారం పొద్దున మ్యాప్‌లోంచి గోడనే తీసేశాను. కాసేపటికి పెద్దబాపు మా గుమ్మంలో ఉన్నాడు.

"గోడ ఏడ పాయెరా?"

బాపు మంచం మీంచి లేచాడు. ఇద్దరూ నన్నే చూస్తున్నారు.

"లొల్లి ఉండదని తీసేసిన, పెద్దబాపు."

"ఎవడు తీయమన్నడు? నా కాళ్లతోని మట్టి తొక్కి పెట్టిన గోడ. అది లేకుంటే ఆ గీసింది మా ఇల్లెట్లయితది?"

బాపు ముందుకు వచ్చాడు. నేను మధ్యలోకి జరిగాను.

"నువ్వు తొక్కినవ్. మరి నీళ్లు మోసిందెవలు?"

ఇన్నేళ్లలో అన్నతో బాపు నేరుగా మాట్లాడిన మొదటి మాట అది. పెద్దబాపు తమ్ముడి వైపు తిరిగాడు.

"నువ్వే మోసినవ్. సగం నా నెత్తి మీదనే గుమ్మరించినవ్."

ఎవరూ నవ్వలేదు. నేను లాప్‌టాప్ తెరిచాను.

"గోడకాడి రోలు ఏడుండె?" అన్నాడు పెద్దబాపు, తెర మీదికి వంగి.

"గాడ" అని బాపు వేలు పెట్టాడు.

"దాని పక్కపొంటి గీయి."

గీశాను. బాపు చాలాసేపు చూశాడు. జరపమనలేదు. 'కట్టినవారు' అన్న చోట ఇద్దరి పేర్లూ రాశాను.

పెద్దబాపు చెప్పులేసుకుంటూ, తల ఎత్తకుండానే అడిగాడు.

"పెండ్లి పొద్దుగాలనా, రాత్రా?"

"పొద్దుగాలనే" అన్నాడు బాపు. "జర ముందుగాలనే రా అన్నా."