వంద కౌంటు రొయ్య పెద్దదట!

ఈ రోజు పొద్దున అల్లూరు నుంచి రొయ్యల వ్యాపారి సుబ్బయ్యన్న ఫోన్ చేశాడు. ఆయన వెబ్‌సైట్ మూడేళ్లుగా నేనే చూస్తున్నాను.

"అబ్బయా, ఏఐకి చెప్పి సైటంతా నేనే కొత్తగా చేసేసినా. ఇంక నీతో పని లేదులే."

తెరిచి చూశాను. రంగులు బాగున్నాయి. కానీ పెద్ద రొయ్యల కింద వంద కౌంటు, చిన్న రొయ్యల కింద ముప్పై కౌంటు ఉన్నాయి. కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్య. అది తగ్గేకొద్దీ రొయ్య పెద్దది. ఏఐ అంకె చూసి మోసపోయింది.

"అన్నా, మీ చెరువులో వంద కౌంటు రొయ్య ఎప్పుడు పెద్దదైంది?" అన్నాను.

"అయ్యో, కొనేవాళ్లు చూస్తే పరువు పోతాది! సరిచెయ్యి అబ్బయా."

నేనూ రోజూ ఏఐతోనే పని చేస్తాను. కౌంటు సంగతి ఒక్క వాక్యంలో రాసి ఇస్తే నిమిషంలో సరిచేసింది.

"చూసినావా, సరిచేసింది కూడా ఏఐనే!"

"చేసింది అదే అన్నా. చెప్పింది నేను."

నేను ఏ కాలేజీలోనూ కోడింగ్ చదవలేదు. కౌంటు మాత్రం చెరువు గట్టున రొయ్యలు తూచి, ఒక్కొక్కటీ లెక్కపెట్టి నేర్చుకున్నాను. సాయంత్రానికి ఆయన సైటు పాస్‌వర్డ్ మార్చి, ఇంక నువ్వే చూసుకో అని కొత్తది నాకే పంపాడు. మీ పనిలో ఏఐ తలకిందులు చేసినదేమిటో మీరూ చెప్పండి, ఒక్కడినే ఎందుకు నవ్వుకోవాలి?