వెనక నుంచి చదివే మనిషి

మా గచ్చిబౌలి ఆఫీసు గేటు దగ్గరి సెక్యూరిటీ ఆయన ప్రతి బండి నంబరునూ ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి చదివేవాడు. క్రిప్టో పంపడం ఆయనకు నేర్పింది నేనే. సెకనులో చేరుతుందనీ, ఛార్జీ పావలా దాటదనీ లెక్కగట్టి చూపించాను. తన రెండు నెలల పొదుపును కొత్త వాలెట్‌కు పంపే ముందు, అక్షరాలూ అంకెలూ కలిసిన దాని పొడవాటి అడ్రసును ఆయన వెనక నుంచి అరగంట చదివాడు.

"మొదటి నాలుగక్షరాలు, చివరి నాలుగు చూస్తే చాలయ్యా," అన్నాను.

"నడుమ గల్తీ ఉంటే పైసలు వాపసొస్తయా సార్?"

"రావు."

"మరి జర ఆగుండ్రి."

ఆ సాయంత్రమే నేను పాత లావాదేవీల జాబితాలోంచి నా ఇంకో వాలెట్ అడ్రసు అనుకుని ఒకటి తీసి, ఆ ఎనిమిదక్షరాలూ చూసి లక్ష రూపాయలు పంపాను. అది మొదలూ చివరా నా అడ్రసులాగే ఉండి నడుమ వేరుగా ఉండేలా ఎవరో దొంగ తయారుచేసి జాబితాలోకి చొప్పించింది. డబ్బు నేను చెప్పినట్టే సెకనులో చేరింది. ఛార్జీ పావలా దాటలేదు.