గుమ్మం ముందు లేని చెప్పులు

మా ప్రొఫెసర్ గారి పరిశోధన అంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగేది: గదిలో మనిషి ఉన్నాడా, లేడా? తలుపు తోసి చూస్తే తేలిపోయే ఈ సంగతి మీద ఆయన డాక్టరేట్ చేశారు, పేపర్లు రాశారు, విమానమెక్కి వెళ్లి విదేశాల్లో మాట్లాడి వచ్చారు. అంతటివాడు టెక్కలి దగ్గరున్న మా ఇంజినీరింగ్ కాలేజీకి హైదరాబాద్ నుంచి రావడం మాకు గొప్పగానే ఉండేది.

విద్యార్థులకు అధ్యాపకులు అందుబాటులో ఉండాలని కాలేజీ వాళ్లు సర్క్యులర్ వేస్తే, ఆయన తన గది తలుపు పైన ఒక చిన్న పెట్టె బిగించారు. ఆయన లోపల ఉంటే దానికి పచ్చ లైటు వెలుగుతుంది. గదిలోకి ఎవరొచ్చారో, ఎంతసేపున్నారో కూడా అదే గుర్తుపెట్టుకుంటుంది. మేమంతా ఆ లైటు ఏసీదనుకున్నాం. ఆయన చెప్పలేదని కాదు. ఇంగ్లీషులో వివరంగానే చెప్పారు, కానీ అప్పటికే బయట పలాస బస్సు హారన్ కొడుతోంది.

నాది వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానం పల్లె. జీడితోటలూ కొబ్బరితోటలూ మా బతుకు. మా వైపు ఒక మనిషి ఇంట్లో ఉన్నదీ లేనిదీ గుమ్మం ముందు చూసి తెలుసుకుంటాం. చెప్పులుంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. లేని మనిషి తలుపు కొట్టడం ఎవరూ చెయ్యరు. కాలేజీకొచ్చినా ఈ పద్ధతి మార్చుకునే అవసరం మాకు రాలేదు. దుమ్ముకు కంప్యూటర్లు పాడవుతాయని ల్యాబ్‌లోకి చెప్పులతో రానివ్వరు కాబట్టి, లోపల ఖాళీ ఉందో లేదో బయటున్న చెప్పుల గుట్టే చెప్పేది.

ప్రొఫెసర్ గారు మాత్రం బూట్లతోనే గదిలోకి వెళ్లి, చల్లదనం పోకుండా తలుపు మూసుకుని, మా కోసం ఎదురుచూసేవారు.

ఆఖరి సంవత్సరం ఆయనే నాకు గైడు. ఫోటో చూసి గుండు జీడిపప్పునూ, రెండుగా విడిపోయిన బద్దనూ వేరుచేసే ప్రోగ్రాం నా ప్రాజెక్టు. అమ్మ పళ్లెంలో పోసిన పప్పును నేనే ఫోటోలు తీశాను. నా ప్రోగ్రాంకు దయ ఎక్కువ, బద్దలన్నిటినీ గుండ్లనేది. ఎక్కడ తప్పుందో నాకు అంతుపట్టలేదు. రివ్యూలో తప్పితే ఆ ఏడాది పోతుంది, క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగమూ పోతుంది. మా ఇంట్లో మొదటి ఉద్యోగం అది.

ఖాళీ దొరికినప్పుడల్లా ఆయన గది దాకా వెళ్లేదాన్ని. నా స్నేహితురాలు మెట్ల దగ్గర నుంచే తొంగిచూసి, "సెప్పులు నేవే, సారు రానేదు, పద" అనేది. మెయిల్ పెడితే, ‘నా తలుపులు విద్యార్థుల కోసం ఎప్పుడూ తెరిచే ఉంటాయి’ అని జవాబొచ్చింది. ఆ మూసిన తలుపు ముందే నిలబడి చదువుకున్నాను. ఫోనులో ఏఐని అడిగితే పేజీలకు పేజీలు చెప్పి, చివర్లో మీ గైడ్‌ని సంప్రదించండి అంది.

"మీ సారు కాలేజీకే రాడా ఏటి?" అని అడిగింది అమ్మ.

"పాఠం సెప్పడానికొస్తాడమ్మా. గదిలో ఉండడు."

"మరి గది దేనికిచ్చినారో."

రివ్యూ రోజు వచ్చింది. బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడి ముందు నా ప్రోగ్రాం బద్దలన్నిటినీ గుండ్లని తేల్చి నా పరువు తీసింది. అప్పుడు ప్రొఫెసర్ గారు లేచి తెర మీద ఒక గ్రాఫ్ వేశారు. నెలల తరబడి ఆయన గదిలో ఉన్న గంటలు పచ్చగా కొండల్లా లేచి ఉన్నాయి. నేను వచ్చిన గంటలు నేలకు అంటుకుని ఉన్నాయి.

"ఈ అమ్మాయి ఒక్కసారి కూడా నన్ను కలవలేదు. ఈ ప్రాంతపు విద్యార్థుల్లో ఆసక్తి లోపం గురించి నేనొక పేపర్ కూడా రాస్తున్నాను" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. "ఎన్నిమాట్లు వచ్చినానో మీకు తెలీదు సార్! గుమ్మం ముందు మీ సెప్పులు నేవు. సెప్పులు నేకపోతే మీరు ఉన్నారని నాకెలా తెలుస్తాది?"

పరీక్షకుడు వంగి ప్రొఫెసర్ గారి బూట్లు చూశాడు. హాల్లో నవ్వు మొదలైంది. ప్రొఫెసర్ గారు నవ్వలేదు. తెర మీది గ్రాఫ్ తీసేసి, నాకు ఇంకో వారం గడువు ఇమ్మని ఆయనే అడిగారు.

మర్నాడు వెళ్తే గుమ్మం ముందు బూట్లున్నాయి. లోపల ఆయన సాక్సుకు బొటనవేలి దగ్గర చిల్లుంది. నేను ఇంటి నుంచి తెచ్చిన పప్పులోంచి ఒకటి తీసి బల్ల మీద పెట్టి, "పైనుంచి చూసి చెప్పు, ఇది గుండా, బద్దా?" అన్నారు. చెప్పలేకపోయాను. వేలితో దాన్ని తిరగేశారు. చదునుగా ఉన్న లోపలి వైపు కనబడింది. పళ్లెంలో పోసినప్పుడు బద్దలు బోర్లా పడుకున్నాయి, నేను వాటి వీపులే ఫోటో తీశాను. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇంత బాగా చెప్పే మనిషి ఏడాది పొడుగునా తలుపు అవతలే కూర్చున్నాడు. నేను పోగొట్టుకున్న ఆ ఏడాదిని తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ప్రాజెక్టు గట్టెక్కింది, ఉద్యోగం నిలిచింది. ప్రొఫెసర్ గారు పలాసలో ఒక జత చెప్పులు కొని గుమ్మం ముందు వదలడం మొదలుపెట్టారు. పిల్లలు విరగబడి వచ్చారు. ఆసక్తి లోపం పేపర్ మూలపడింది. దాని బదులు పాదరక్షల ఆధారంగా మనిషి ఉనికిని గుర్తించడం మీద కొత్త పేపర్ రాశారు. అందులో నేను ‘ఒక స్థానిక విద్యార్థిని’ని.

సర్టిఫికెట్ల కోసం ఆఖరిసారి కాలేజీకి వెళ్లినప్పుడు, చెప్పి వెళ్దామని ఆయన గదికి వెళ్లాను. గుమ్మం ముందు చెప్పులున్నాయి. జూనియర్ పిల్లలు గోడకు జారబడి కూర్చున్నారు.

"ఎప్పటినుంచి ఉన్నారు?" అన్నాను.

"పొద్దున్నించీ అక్కా. సారు లోపలే ఉన్నారు, సెప్పులున్నాయి గదా."

తలుపు పైన లైటు వెలగడం లేదు. తలుపు తోసి చూశాను. గది ఖాళీ. ఆయన ఆ పేపర్ చదవడానికి ఢిల్లీ వెళ్లారని తర్వాత ఆఫీసులో తెలిసింది. అక్కడికి బూట్లతో వెళ్లి ఉంటారు.

ఆ చెప్పులు తీసి గది లోపల పెట్టి, తలుపు దగ్గరగా వేశాను. పిల్లలు గుమ్మం వైపు ఒకసారి చూసి, బ్యాగులు తగిలించుకుని బస్సుకు వెళ్లిపోయారు.